అడిగేది మీరా, యంత్రమా?

నిన్న రాత్రి మీరు ఇంట్లో టీవీలోనో, ఫోనులోనో ఏదో ఒక వీడియో చూసే ఉంటారు. క్రికెట్టు కావచ్చు, సినిమా పాట కావచ్చు, లెక్కల పాఠం కావచ్చు. అది ఎలా వచ్చిందని మిమ్మల్ని అడిగితే, "ఇంటర్నెట్టులో వస్తుంది సార్" అంటారు. ఎండా వానా వచ్చినట్టు దానంతట అదే వస్తుందన్నమాట!

కాని సంగతి అది కాదు. ఇంటర్నెట్టులో వీడియో దానంతట అది రాదు. ఎవరో ఒకరు అడిగితేనే వస్తుంది. అడగడం మానెయ్యగానే ఆగిపోతుంది. ఈ చిన్న విషయం బాగా బోధపడితే వీడియోలు చూసే పద్ధతే మారిపోతుందని నా అభిప్రాయం. దాదాపు ముప్ఫై ఏళ్ళుగా బడిలో సైన్సు చెబుతున్నవాణ్ణి గనక, ముందు సంగతేమిటో చెప్పి, తర్వాతే సలహా చెబుతాను. నచ్చితే పాటించండి, నచ్చకపోతే మీ మాస్టారితో వాదించండి.

చాటింపు వేరు, చీటీ వేరు

1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా మన దేశంలో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. దాన్ని పొట్టిగా సైట్ అంటారు. అమెరికా వారి ఏటీఎస్-6 అనే ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునుంచి ఆ ఉపగ్రహం కార్యక్రమాన్ని నేలమీదికి వెదజల్లేది. ఊరి టీవీ ముందు వందమంది కూర్చున్నా అవే తరంగాలు, ఒక్కరూ కూర్చోకపోయినా అవే తరంగాలు. చూసేవాళ్ళు పెరిగినంత మాత్రాన పంపేవాడికి పని పెరగదు.

నేను పెద్ద తరగతుల్లో ఉన్నప్పుడు, 1987లో, దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున రామాయణం వచ్చేది. మా వీధి మొత్తానికి ఒకటే టీవీ. ఆ ఇంటి వసారా, అరుగులు, కిటికీ చువ్వలు అన్నీ జనంతో నిండిపోయేవి. ఆలస్యంగా వెళితే, అయిపోయిన భాగం అయిపోయినట్టే. మళ్ళీ వెయ్యమంటే వేసేవాళ్ళు లేరు. ఊళ్ళో దండోరా వేసినట్టే ఇదీను. విన్నవాడు విన్నాడు, విననివాడు విననే లేదు. ఇలా పంపడాన్నే ప్రసారం అంటాం.

ఇంటర్నెట్టులో వీడియో చూడడం దండోరా వంటిది కాదు. అది గ్రంథాలయంలో చీటీ రాసివ్వడం వంటిది. ఫలానా పుస్తకం కావాలని మీరు చీటీ ఇస్తే, లోపలివాళ్ళు వెతికి తెచ్చి మీ చేతికిస్తారు. పక్కవాడికీ అదే పుస్తకం కావాలంటే అతని చీటీ వేరు, అతని ప్రతి వేరు. వీడియోలు దాచి ఉంచే పెద్ద కంప్యూటర్లను సర్వర్లు అంటారు. మీ ఫోనో, టీవీయో చీటీ పంపిస్తేనే సర్వరు వీడియోను పంపుతుంది.

ముక్కలు ముక్కలుగా వచ్చే బొమ్మ

ఇక్కడ మరో తమాషా ఉంది. వీడియో అంతా ఒక్కసారిగా రాదు. సర్వరులో దాన్ని కొద్ది సెకన్ల ముక్కలుగా కోసి ఉంచుతారు. ఒక్కో ముక్కనూ మళ్ళీ అనేక సైజుల్లో తయారుచేసి పెడతారు. మీరు ఫోనులో 144, 240, 360, 480, 720, 1080 అనే అంకెలు చూసే ఉంటారు. బొమ్మలో పైనుంచి కిందికి ఎన్ని చుక్కల వరసలున్నాయో చెప్పే అంకెలవి. వీటిని మెట్లు అనుకుందాం. మీ ఫోను ప్రతి కొద్ది సెకన్లకూ "తర్వాతి ముక్క, ఫలానా మెట్టుది, పంపండి" అని చీటీ రాస్తూ ఉంటుంది. సిగ్నలు బాగుంటే పై మెట్టు ముక్కను అడుగుతుంది, బాగుండకపోతే కింది మెట్టుతో సరిపెట్టుకుంటుంది. చూస్తూ చూస్తూ ఉండగా బొమ్మ మసకబారి, కాసేపటికి మళ్ళీ తేటపడడానికి కారణం ఇదే.

మరి ఈ మెట్లకూ బరువుకూ సంబంధమేమిటి? ఒక లెక్క చేద్దాం. 1080 మెట్టులో ఒక్క బొమ్మకు అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 వరసలు. అంటే 20 లక్షల పైచిలుకు చుక్కలు. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు. సెకనుకు 25 బొమ్మలు. అన్నీ గుణిస్తే సెకనుకు 124 కోట్ల బిట్లకు పైనే తేలుతుంది. ఇంత బరువు మన ఫోన్లు మొయ్యలేవు. కనుక దాన్ని కుదిస్తారు.

కుదించే ఉపాయం మీకు తెలిసిందే. తరగతిలో హాజరు వేసేటప్పుడు మాస్టారు 60 మంది పేర్లూ రోజూ కొత్తగా రాస్తారా? పేర్లు ఒకసారే రాసి, ఆ తర్వాత ఎవరు రాలేదో వాళ్ళకే గుర్తు పెడతారు. వీడియోలోనూ అంతే. మాస్టారి వెనక ఉన్న గోడ, నల్లబల్ల సెకను సెకనుకూ మారవు. కదిలింది ఆయన చెయ్యి. ఆ మారిన భాగం వివరాలు పంపితే చాలు. ఇలాంటి ఉపాయాలన్నీ కలిసి 124 కోట్ల బిట్లను సుమారు 50 లక్షలకు, అంటే 5 మెగాబిట్లకు, దించుతాయి. దాదాపు 250 రెట్లు తగ్గిందన్నమాట. 480 మెట్టుకైతే సుమారు ఒక మెగాబిట్టు సరిపోతుంది.

నేను చేసిన పొరపాటు

2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాయి. ఆ ఏడాది వర్షాకాలంలో నేను తొమ్మిదో తరగతికి 40 నిమిషాల పాఠం ఒకటి వీడియో తీసి, యూట్యూబులో పెట్టి, పిల్లలకు లింకు పంపాను. నల్లబల్ల మీద వేసిన బొమ్మలు స్పష్టంగా కనిపించాలన్న ఆశతో, "అందరూ 1080లో పెట్టుకుని చూడండి" అని కింద రాశాను కూడా.

మర్నాడు ఒక అమ్మాయికి ఫోను చేసి, "ఏమ్మా, పాఠం చూశావా?" అన్నాను.

"చూశాను సార్. మీరు చెప్పినట్టే పెద్ద అంకెలో పెట్టి మొత్తం చూశాను. తర్వాత అన్నయ్య క్లాసు మాత్రం రాలేదు. చక్రం తిరుగుతూనే ఉంది."

ఆ ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. దానికి రోజుకు 1.5 జీబీ డేటా. అన్నయ్య ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం. అతని క్లాసు పదకొండింటికి. నేను కాగితం తీసుకుని లెక్క వేశాను. సెకనుకు 5 మెగాబిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు గనక సెకనుకు 0.625 మెగాబైట్లు. 40 నిమిషాలంటే 2,400 సెకన్లు. గుణిస్తే 1,500 మెగాబైట్లు. అంటే సరిగ్గా 1.5 జీబీ! నా ఒక్క పాఠం ఆ ఇంటి రోజు కోటా మొత్తం మింగేసింది.

"మరి అన్నయ్య ఏమన్నాడమ్మా?" అని అడిగాను.

"ఏమీ అనలేదు సార్. పుస్తకం తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాడు."

ఆ మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. 480 మెట్టులో చూడమని ఉంటే 300 మెగాబైట్లతో పోయేది. అన్నయ్య క్లాసుకు 1,200 మిగిలేది. నల్లబల్ల మీద అరచెయ్యంత అక్షరాలు రాసిన నాకు 1080 వరసలతో పనేమిటి? ఏ మెట్టు అవసరమో ఆలోచించకుండా అన్నిటికన్నా పెద్దది అడగమన్నాను. సైన్సు మాస్టారినై ఉండి లెక్క వెయ్యలేదు. తప్పు ముమ్మాటికీ నాదే.

ఆ ఏడాదే దూరదర్శన్ వారి యాదగిరి, సప్తగిరి చానెళ్ళలో కూడా బడి పాఠాలు ప్రసారమయ్యాయి. వాటికి డేటా ఖర్చు లేదు. పాత దండోరా పద్ధతికీ ఇంకా విలువ ఉందని అప్పుడు తెలిసొచ్చింది.

కంటికి ఎంత కావాలి?

ఎంత అడగాలో తేల్చుకోవాలంటే కంటికి ఎంత కనిపిస్తుందో తెలియాలి. దీనికి ఒక ప్రయోగం ఉంది, ఈరోజే చెయ్యండి. తెల్లకాగితం మీద ఒక మిల్లీమీటరు మందంగల నల్లగీతలు నాలుగైదు గియ్యండి. గీతకూ గీతకూ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ వదలండి. కాగితాన్ని వెలుతురున్న గోడకు అంటించి వెనక్కి నడవండి. మూడున్నర మీటర్ల దగ్గరికి వెళ్ళేసరికి గీతలు కలిసిపోయి బూడిదరంగు పట్టీలా కనిపిస్తాయి. మీకు కళ్ళజోడు ఉంటే పెట్టుకునే చెయ్యండి. ఎవరికైనా మరీ దగ్గర్లోనే, ఏ రెండు మీటర్లకో, కలిసిపోతే ఇంట్లో చెప్పి కళ్ళు పరీక్ష చేయించుకోవాలి.

ఆరోగ్యంగా ఉన్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం దాకా రెండు గీతలను విడివిడిగా చూడగలదు. అంతకన్నా సన్ననిది దానికి అందదు. ఈ లెక్కను టీవీకి అన్వయించండి. 32 అంగుళాల టీవీ తెర ఎత్తు దాదాపు 40 సెంటీమీటర్లు. మీరు మూడు మీటర్ల దూరంలో కూర్చుంటే, ఆ ఎత్తులో మీ కన్ను విడదీసి చూడగలిగేది సుమారు 460 వరసలు మాత్రమే. అంటే 480 మెట్టు దాదాపు చాలు! ఫోను సంగతేమిటి? అడ్డంగా పట్టుకుంటే తెర ఎత్తు సుమారు 7 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచితే కన్ను దాదాపు 800 వరసలు చూడగలదు. దూరంగా ఉన్న పెద్ద టీవీకన్నా దగ్గరగా ఉన్న చిన్న ఫోనులోనే కంటికి ఎక్కువ వివరం అందుతోంది, చూశారా! కాని 1080 వరసలు మాత్రం అక్కడా కంటికి మించినవే.

2,160 వరసల టీవీ ఇంటికి తెచ్చుకుని మురిసిపోయేవారు ఈ రోజుల్లో చాలామంది. అది 43 అంగుళాలదైతే, మీటరుకన్నా దగ్గరగా కూర్చుంటే గాని ఆ వరసలన్నీ విడివిడిగా కంటికి ఆనవు. ఇవన్నీ సుమారు లెక్కలే. బొమ్మను ఎంత కుదించారన్నదాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. అయినా పెద్ద అంకె ఉన్నంత మాత్రాన మంచి చూపు రాదని తెలుసుకోవడానికి ఈ లెక్కలు చాలు.

ఒక్క చీటీ, రెండు వందల మంది

2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 ల్యాండరు చంద్రుడి మీద దిగింది. ఇస్రో వారి యూట్యూబు ప్రసారానికి ఒక దశలో, ఒకే సమయంలో, 80 లక్షలకు పైగా వీక్షకులు లెక్కకొచ్చారు. అందరికీ అదే బొమ్మ. అయినా 80 లక్షల చీటీలు, 80 లక్షల ప్రతులు! దండోరాకూ చీటీకీ తేడా ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

ఆ సాయంత్రం మేము పిల్లలను బడిలోనే ఉంచి, హాల్లో ఉన్న టీవీలో అది పెట్టాం. దాదాపు 200 మంది పిల్లలు నేలమీద కూర్చున్నారు. ఆ 80 లక్షల లెక్కలో మా బడి అంతా కలిసి ఒక్కటే. ల్యాండరు వేగం తెరమీద తగ్గుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. దిగగానే అరుపులకు పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. ఆ తర్వాత అరగంట సేపు ప్రశ్నలే ప్రశ్నలు. "గాలి లేనిచోట పారాచూట్ ఎందుకు పనికిరాదు సార్?" అని ఏడో తరగతి పిల్లవాడు అడిగితే, పదో తరగతి అమ్మాయి లేచి సమాధానం చెప్పింది. ఎవరి ఫోను వాళ్ళు ముఖానికి అడ్డం పెట్టుకుని చూసి ఉంటే ఆ ప్రశ్నా ఉండేది కాదు, జవాబూ ఉండేది కాదు.

అందుకే ఇంట్లో టీవీకి ఇంటర్నెట్టు ఉంటే, పాఠాలైనా, విజ్ఞాన చిత్రాలైనా నలుగురూ కలిసి టీవీలో చూడండంటాను. డేటా ఒక్కసారే ఖర్చవుతుంది, కళ్ళకు దూరం దొరుకుతుంది, పక్కన మాట్లాడే మనిషి ఉంటాడు. చాలామంది ఫోనులో గుర్తు నొక్కి వీడియోను టీవీకి "పంపుతారు". నిజానికి వీడియో ఫోనులోంచి వెళ్ళదు. ఫోను టీవీకి చిరునామా మాత్రం చెబుతుంది. అక్కణ్ణుంచి టీవీయే సర్వరుకు చీటీలు రాసుకుంటుంది. అనుమానముంటే, అలా పంపిన తర్వాత ఫోను కట్టేసి చూడండి, టీవీలో బొమ్మ నడుస్తూనే ఉంటుంది. ఫోను తెరను ఉన్నదున్నట్టు టీవీలో చూపించే పద్ధతి మాత్రం వేరు. అక్కడ ఫోను కడితే బొమ్మా పోతుంది.

మీ పేరున మరొకరి చీటీ

ఇక అసలు విషయానికి వస్తాను. మీరు కోరుకున్న వీడియో అయిపోయింది. మీరు ఇంకా కదలలేదు. పది లెక్కపెట్టే లోపల ఇంకో వీడియో మొదలైంది. దాన్ని అడిగిందెవరు? మీరు కాదు. అయినా చీటీ మీ పేరునే వెళ్ళింది. డేటా మీదే ఖర్చయింది, సమయమూ మీదే ఖర్చయింది. దీన్ని ఆటోప్లే అంటారు. మీరు ఇంతకుముందు చూసినవాటిని బట్టి, దేనికి మీరు కదలకుండా కూర్చుంటారో ఒక ప్రోగ్రాము అంచనా కడుతుంది. మీరు ఎంతసేపు చూస్తే అన్ని ప్రకటనలు, అంత ఆదాయం. వ్యాపారం కనుక వాళ్ళ పని వాళ్ళు చేస్తున్నారు. మన పని మనం చెయ్యవద్దా?

"మా ఇంట్లో వైఫై ఉంది సార్, డేటాకు లెక్కలేదు" అని మీలో కొందరు అనవచ్చు. మంచిదే. కాని రోజుకు 24 గంటలు అందరికీ ఒకటే, దానికి రీఛార్జి లేదు. రోజుకు మీరు అడగని 15 నిమిషాల వీడియోలు మూడు చూశారనుకోండి. ఏడాదికి దాదాపు 274 గంటలు అవుతుంది. అంటే పదకొండు పగళ్ళు, పదకొండు రాత్రులు!

"మాస్టారికి వీడియోలంటే పడదు" అని కూడా అనకండి. 1971లో చంద్రుడి మీద అపోలో-15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేతిలోంచి సుత్తినీ, ఇంకో చేతిలోంచి ఈకనూ ఒకేసారి వదిలాడు. రెండూ ఒక్కసారే నేలను తాకాయి. ఈ సంగతి నేను చాలా ఏళ్ళు సుద్దముక్కతో చెప్పాను. ఒక్క నిమిషం వీడియో చూపించిన రోజున పిల్లలు నమ్మారు. వీడియో నాకు శత్రువు కాదు. ప్రశ్న లేకుండా చూడడమే నాకు నచ్చనిది.

కిందటేడు పదో తరగతిలో కటకాల పాఠం చెబుతున్నాను. ఒక అబ్బాయి లేచి, "ఇది నేను పదిసార్లు చూశాను సార్" అన్నాడు. సంతోషించి, ఒక కుంభాకార కటకం, ఒక తెల్లకాగితం చేతికిచ్చి, కిటికీ బయట ఉన్న వేపచెట్టును కాగితం మీదికి తెమ్మన్నాను. కాగితాన్ని కటకానికి ఆనించి పెట్టాడు. ఏమీ రాలేదు. ముందుకు, వెనక్కి జరిపాడు. ఒకచోట వేపచెట్టు చిన్నదై, రంగులతో సహా, కాగితం మీద వాలింది. "సార్! తలకిందులుగా ఉంది!" అని అరిచాడు. పదిసార్లు చూసిన వీడియోలోనూ అది తలకిందులుగానే ఉంది మరి! ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అదే వీడియో పదకొండోసారి చూశాడట. ఈసారి, కాగితాన్ని ఎంత దూరంలో పెట్టారన్న ప్రశ్నతో చూశాడు. "ఆ వీడియోలో దూరం చెప్పనే లేదు సార్" అని మర్నాడు నాకే ఫిర్యాదు చేశాడు. అప్పుడు నాకు నిజంగా సంతోషమైంది.

కాబట్టి నేను చెప్పేది ఇంతే. ఫోనులోనూ, టీవీలోనూ ఆటోప్లేను ఆపెయ్యండి. సెట్టింగుల్లో ఉంటుంది, దొరక్కపోతే అన్నయ్యనో అక్కయ్యనో అడగండి. తెరకూ, దూరానికీ తగిన మెట్టునే ఎంచుకోండి. వీడియో మొదలుపెట్టే ముందు, దీనిలో నాకేం తెలియాలి అని ఒక ప్రశ్న నోటు పుస్తకంలో రాసుకోండి. జవాబు దొరికిందా, కట్టెయ్యండి. దొరకలేదా, మరునాడు మీ మాస్టారి దగ్గరికి పట్టుకెళ్ళండి. సరదాకు చూసే వీడియోకు ప్రశ్న అక్కర్లేదు. దాన్నీ మీరే ఎంచుకుంటే చాలు.

అప్పటి తొమ్మిదో తరగతి అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. ఆ రోజు నుంచి నేను పిల్లలకు ఏ వీడియో పంపినా, పైన మూడు వాక్యాలు రాసి పంపుతున్నాను. ఇది ఎన్ని నిమిషాలు. ఏ మెట్టు చాలు. ఏ ప్రశ్నకు ఇందులో జవాబు వెతకాలి. మీ మాస్టార్లు కూడా వీడియో పంపితే, ఈ మూడూ రాయమని వాళ్ళను మీరే అడగండి.